ఎవర్నీ నమ్మకపోతేనే మనసు ప్రశాంతంగా ఉంటుందా?

రాత్రిషిఫ్ట్_కూకట్‌పల్లి
అందరికీ నమస్తే. మా ఇంట్లో దీని మీద రోజూ వాదనే, అందుకే ఇక్కడ అడుగుతున్నా. మా నాన్న ఆర్టీసీలో క్యాషియర్‌గా చేసి రిటైరయ్యారు. మొన్నామధ్య ఆయనకి వీడియో కాల్ వచ్చింది, మీ ఆధార్ మీద వచ్చిన పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి, మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశాం, కాల్ కట్ చేస్తే పోలీసులు ఇంటికొస్తారు అని. నేను నైట్ డ్యూటీ చేసొచ్చి పక్క గదిలో పడుకుని ఉన్నా. నాన్న ఫోన్‌ని స్టీల్ గ్లాసుకి ఆనించి దాని ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారంట, బాత్రూంకి కూడా వాణ్ణి అడిగే వెళ్ళారంట. అమ్మ కూరగాయలు తీసుకుని వచ్చి చూసి నన్ను లేపింది కాబట్టి డబ్బు పోలేదు.

కానీ మనిషి మారిపోయారు. గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి చేసినా ఫోన్ ఎత్తరు, పక్క ఫ్లాట్ వాళ్ళు ప్రసాదం తెస్తే గొలుసు తియ్యకుండానే వద్దంటారు. మా ఆయనేమో అదే కరెక్ట్, ఈ ఊళ్ళో ఎవర్నీ నమ్మకపోతే బాధే ఉండదంటారు. నాకైతే నాన్న లోలోపల కుంగిపోతున్నారనిపిస్తోంది. మీరేమంటారు?

సైదాబాద్_సీను
మీ ఆయన చెప్పిందే నిజం అక్కా. నేను ప్రీలాంచ్ ల, అంటే కట్టుడు మొదలు కాకముందే అమ్ముతరు గదా, గట్ల ఫ్లాట్ కని పైసలు కట్టిన, బయట రేటుకు సగమే అన్నరు, తోల్కపోయినోడు బయటోడు గాదు మా మేనబావ. ఇప్పటిదాంక ఆడ గుంత గూడ తవ్వలే, ఆఫీసుకు పోతే సార్ సైటుకు పోయిండంటరు, సైటుకు పోతే అక్కడ బర్లు మేస్తున్నయ్. మా బావ ఏ పెండ్లిల కనవడ్డా నవ్వుకుంట పలకరిస్తడు. అయినోళ్ళనే నమ్మొద్దు, ఇగ బయటోళ్ళ సంగతేంది? నమ్ముడు బంద్ వెట్టినంక నాకు నిద్ర పడ్తుంది.

బోరబండ_పొదుపక్క
సీను తమ్ముడూ, నిద్ర పడుతోందంటూనే పెళ్ళిలో మీ బావ నవ్వు గురించి రాశావు చూడు, ఆ బరువు దిగలేదు నీకు. నమ్మడం మానేస్తే బాధ పోదు, మోసపోయిన రోజు దగ్గరే మనసు ఆగిపోతుంది అంతే.

నేను అనేది ఏంటంటే, అనుమానం కాగితం మీద పెట్టుకోవాలి, మనిషి మొహం మీద కాదు. ఇరవై నాలుగ్గంటలూ ఎదుటివాడి కళ్ళలోకి చూసి వీడు మంచోడా కాదా అని లెక్కేసుకుంటూ కూర్చుంటే ఏ మనిషైనా అలిసిపోతాడు, పైగా మోసం చేసేవాడే అందరికంటే బాగా నవ్వుతాడు. 2016లో వచ్చిన రెరా చట్టం, అదే ఇళ్ళూ ఫ్లాట్లూ అమ్మే బిల్డర్ల మీద నిఘా పెట్టే చట్టం, దాని ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో, ఎనిమిది ఫ్లాట్లు మించి కట్టే ప్రాజెక్టు ఏదైనా రిజిస్టర్ కాకుండా అమ్మకూడదు, అగ్రిమెంట్ రిజిస్టర్ చెయ్యకుండా పది శాతం మించి తీసుకోకూడదు. బావైనా బామ్మర్దైనా రెరా నంబర్ అడిగితే తప్పు లేదు, నంబర్ ఉంటే మాట్లాడదాం లేకపోతే లేదు, అక్కడితో అయిపోయింది, ఆయన్ని ప్రేమగా భోజనానికి పిలవచ్చు కూడా.

చెల్లీ, మీ నాన్నగారికి కూడా అదే. వీడియో కాల్‌లో అరెస్టు అనేదే మన చట్టంలో లేదు, 2024 అక్టోబర్‌లో ప్రధాని మన్ కీ బాత్‌లో కూడా ఇదే చెప్పారు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఈ నాలుగు ముక్కలూ గట్టిగా తెలిస్తే గ్యాస్ అబ్బాయికి భయపడక్కర్లేదు.

మా పొదుపు సంఘం ఎలా నడుస్తుందో చెప్తా. అందరం పని మనుషులం, టైలర్లం, ఒకరికొకరం చుట్టాలం కాదు. వచ్చిన డబ్బు చాప మీద పోసి ఒకామె లెక్కపెడుతుంది, ఇంకొకామె మళ్ళీ లెక్కపెడుతుంది, తర్వాత పుస్తకంలో రాసింది పైకి చదువుతారు, చదువు రాని ఆమె కూడా తన పేరు దగ్గర అంకె విని తలూపాలి. అప్పు ఎవరికివ్వాలో అందరి ముందే తేలుస్తాం. మొదట్లో ఒకరంటే ఒకరికి పడేది కాదు. ఇప్పుడు మా అందరికీ తాళంచెవులు ఇచ్చుకునేంత చనువుంది, అది లెక్కపెట్టగా పెట్టగా వచ్చింది.

అమీర్‌పేట్_హాస్టల్
అక్కా మీ మాట బావుంది కానీ నాదో ప్రశ్న. మమ్మల్ని నమ్మని వాళ్ళ సంగతేంటి? నేను రూమ్ కోసం తిరుగుతుంటే ఓనర్లు జాబ్ అడిగేలోపే మీరు ఏ కులం వాళ్ళు అని అడుగుతారు. చెప్పగానే మొహం మారుతుంది, మావారిని అడిగి చెప్తాం అంటారు, మళ్ళీ ఫోన్ ఎత్తరు. నా ఫ్రెండ్ ముస్లిం, తన పేరు వినగానే ఇల్లు ఇచ్చేశాం అన్నారు, వారం తర్వాత వెళ్తే అదే గేటుకి టూలెట్ బోర్డు. అన్ని కాగితాలూ పట్టుకెళ్ళాం కదా, ఏం పనికొచ్చాయి? పైగా ఒంటరిగా ఉండే అమ్మాయికి అనుమానమే రక్షణ, రాత్రి క్యాబ్ ఎక్కగానే లొకేషన్ షేర్ చేస్తాను, అది మానను. మనసు గట్టి చేసుకోండి అని మాకు చెప్పడం ఈజీ, ఆ ఓనర్లకి ఎవరు చెప్తారు?

ఉప్పల్_108
నేను అంబులెన్స్‌ల పనిచేసిన, ఒక మాట చెప్పాలె. ఒకప్పుడు యాక్సిడెంట్ అయితే చుట్టూ యాభై మంది ఉండెటోళ్ళు, ముట్టుకునెటోడు ఒక్కడు లేకుండె. మాకు ఫోన్ చేసినోడు కూడా మేము పోయేసరికి పక్కకు జరిగేటోడు. జనానికి మానవత్వం లేదని అందరు తిట్టేటోళ్ళు. గని వాళ్ళ భయం వేరే, పోలీసు స్టేషన్ సుట్టూ, కోర్టు సుట్టూ తిప్పుతరని. 2016ల సుప్రీంకోర్టు సాయం చేసినోళ్ళను సతాయించొద్దని గట్టిగ చెప్పింది, 2019ల మోటారు వాహనాల చట్టంల 134ఏ సెక్షన్ పెట్టిన్రు, పేరు చెప్పాల్సిన పని గూడ లేదు. ఇది తెలిసిన పోరగాళ్ళు మేము పోయేలోపే దెబ్బ తగిలినోన్ని ఆటోల ఎక్కించుడు చూసిన. మనుషులు చెడ్డోళ్ళని అనుకునే ముందు వాళ్ళు దేనికి భయపడ్తున్నరో చూడాలె.

బోరబండ_పొదుపక్క
అమీర్‌పేట్ అమ్మాయీ, నువ్వన్నది నిజం, నా దగ్గర దానికి సరైన జవాబు లేదు. ఆ ఓనర్ చేసింది అన్యాయం, దాన్ని నీ మనసు గట్టితనంతో సర్దుకోమని నేను చెప్పను. లొకేషన్ షేర్ చెయ్యడం అస్సలు మానొద్దు, అదే నేనన్న కాగితం, అది పెట్టుకుంటేనే క్యాబ్‌లో కాసేపు కళ్ళు మూసుకోగలవు. కానీ ఒక్కటి, అలాంటి రోజు ఒంటరిగా గదిలో కూర్చోకు, ఆ ఫ్రెండ్‌తోనే ఉండు. మనల్ని నమ్మని ఊళ్ళో మనల్ని నమ్మే ముగ్గురైనా ఉండాలి, లేకపోతే ఆ ఓనర్ మాటే మన గురించి మనకి నిజమనిపిస్తుంది.

సైదాబాద్_సీను
రెరా నంబర్ ముచ్చట నాకు కట్టేటప్పుడు ఎవ్వలు చెప్పలే అక్కా. కంప్లైంట్ ఇస్త. బావను మాత్రం భోజనానికి పిలువ.

రాత్రిషిఫ్ట్_కూకట్‌పల్లి
అందరికీ థాంక్స్. మా ఆయన ఇదంతా చదివి ఇంకా ఒప్పుకోలేదు. మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కల మీద ఎప్పుడూ గొడవే, నాన్నకి జీవితమంతా క్యాష్ లెక్కలే కదా, ఆ పుస్తకం ఆయన చేతిలో పెట్టి అందరి ముందు చదవమని సెక్రటరీని అడుగుతా.

అమీర్‌పేట్ చెల్లీ, మా బిల్డింగ్ రెండో ఫ్లోర్‌లో ఒక ఫ్లాట్ ఖాళీ అవుతోంది. ఓనర్‌తో ముందు నేనే మాట్లాడతా, పేరూ కులమూ అడిగే మనిషైతే నీకు ముందే చెప్పేస్తా, ఇక్కడిదాకా వచ్చే తిప్పలు నీకుండవు. మెసేజ్ పెట్టు, చూడ్డానికి పగలే రా, నీ ఫ్రెండ్‌ని కూడా వెంటబెట్టుకుని రా.