కార్బురేటర్‌లో ‘అసమాన మిశ్రమం’: దీనికి మంచి తెలుగు ఏది?

ప్రశ్న:
బైక్ రిపేరు మీద తెలుగులో చిన్న పుస్తకం రాస్తున్నాను. కార్బురేటర్‌లో గాలి, పెట్రోలు సరిగా కలవకపోవడాన్ని ‘అసమాన మిశ్రమం’ అన్నాను. పెట్రోలు ఎక్కువైతే రిచ్ అంటారు కదా, దాన్ని ‘సంపన్న మిశ్రమం’ అనీ, తక్కువైతే అనే లీన్‌ని ‘కృశ మిశ్రమం’ అనీ రాశాను. మా వీధిలో మెకానిక్‌కి చదివి వినిపిస్తే ఒక్క ముక్క అర్థం కాలేదన్నాడు. ఏమంటే బాగుంటుంది? ఇంజిన్ మధ్యమధ్యలో మండకుండా తడబడే ‘మిస్సింగ్’కి కూడా తెలుగు మాట వెతకాలా?

జవాబు:
అర్థం కాకపోవడం ఒక్కటే కాదండీ, ‘అసమాన’ అనడంతో విషయమే తప్పిపోయింది. గాలి, పెట్రోలు ఎప్పుడూ సమానంగా కలవవు. బరువు లెక్కన ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. అందుకే ‘సమపాళ్లలో కలవలేదు’ అన్నా తప్పే.

కానీ అందులోని ‘పాళ్లు’ని మాత్రం వదలకండి. పాలు అంటే వాటా. పాలుపంచుకోవడం, పాలివాళ్లు అన్న మాటల్లో ఉన్నది ఇదే. మేస్త్రీ ‘నాలుగు పాళ్లు ఇసుక, ఒక పాలు సిమెంటు’ అంటే అక్కడ సమానం ప్రసక్తే లేదు, ఎంతకి ఎంత అన్నదే ముఖ్యం. కార్బురేటర్ చేసేదీ అదే పని. ‘గాలి, పెట్రోలు పాళ్లు తప్పాయి’ అని రాయండి, మీ మెకానిక్‌కి వెంటనే తెలుస్తుంది.

రిచ్, లీన్‌లకి చిక్కన, పల్చన చాలు. మజ్జిగకి రోజూ వాడే మాటలే. మా నాన్నగారి పాత బండి ఒకప్పుడు ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఇంజిన్ నడుస్తుంటే, గుడగుడమంటూ ఆగిపోయేది, సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోలు వాసన. ప్లగ్ విప్పితే మొన మీద పొడి మసి, బొటనవేలితో రాస్తే వేలంతా నలుపు. మిక్చర్ చిక్కనైందన్నమాట. కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రాల జెట్లు, పాళ్లు సరిచేసే స్క్రూలు ముట్టుకోకముందే ఎయిర్ ఫిల్టర్ తీసి చూశాం, దుమ్ముతో పూడిపోయి ఉంది. కొత్తది వేసి నాలుగు రోజులు తిప్పాక ప్లగ్ లేత గోధుమరంగుకి వచ్చింది. పాళ్లు కుదిరితే ఉండే రంగు అదే.

మరొకరు:
చిక్కన, పల్చన నాకూ నచ్చాయి. ఒక్క జాగ్రత్త: ‘పెట్రోలు చిక్కనైంది’ అని రాయకండి, ‘మిక్చర్ చిక్కనైంది’ అనే రాయండి. బండి నెలల తరబడి కదలకుండా ఉంటే కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోలు నిజంగానే చిక్కబడి జిగురవుతుంది. ఆ జిగురు ఐడిలింగ్‌లో పెట్రోలు ఇచ్చే పైలట్ జెట్‌కి అడ్డం పడితే పెట్రోలు తక్కువ వచ్చి మిక్చర్ పల్చనవుతుంది! ఒక్క మాట తేడాతో చదివేవాళ్లు రోగాన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటారు. ఇక ‘మిస్సింగ్’ని అలాగే ఉంచండి. ‘బండి మిస్ కొడుతోంది’ అనేది ఇప్పటికే తెలుగు. పైగా అది లక్షణం పేరే గానీ కారణం పేరు కాదు, ప్లగ్ పాడైనా, ప్లగ్‌కి కరెంటు ఇచ్చే కాయిల్ పాడైనా మిస్ కొడుతుంది.

అడిగినవారు:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ఇలా మార్చాను: ‘బండి మిస్ కొడుతుంటే ప్లగ్ విప్పి చూడండి. పొడి మసి పట్టి ఉంటే మిక్చర్ చిక్కనైనట్టు, ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి. తెల్లగా పాలిపోయి ఉంటే పల్చనైనట్టు, జెట్‌లో అడ్డం ఉందేమో, కార్బురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య రబ్బరు పగిలి గాలి లాగుతోందేమో చూడండి.’ రేపు మెకానిక్‌కి మళ్లీ చదివి వినిపిస్తాను.