రాయగడలో కొత్త ఉద్యోగం: ఆఫీసు మెయిల్‌కి, మీటింగులకి ఏ ఫోన్ కొనాలి?

తమ్ముడూ, కెమెరా సంగతి పక్కన పెట్టు. కొండల వైపు సైట్లకి తిరిగే ఉద్యోగమన్నావు కాబట్టి ముందు బ్యాండ్లు (ఫోన్ టవర్‌తో మాట్లాడే రేడియో తరంగాల శ్రేణులు, ఒక్కోదానికి ఒక నంబరు) చూసుకో. జియో 4జీకి 3, 5, 40 ఉండాలి. బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జీ (2025 సెప్టెంబర్ 27న మన ఒడిశాలోని ఝార్సుగూడలోనే ప్రారంభించారు) 700 మెగాహెర్ట్జ్ మీద కూడా నడుస్తుంది, అంటే బ్యాండ్ 28. చుట్టాలు అమెరికా నుంచి తెచ్చే ఫోన్లలో కొన్నింటికి 40 ఉండదు, అక్కడే దెబ్బతింటారు. రెండు సిమ్‌లూ వేర్వేరు కంపెనీలవి వేసుకో.

ర్యామ్ 6 జీబీ, స్టోరేజీ 128 జీబీకి తగ్గొద్దు. అంతకన్నా ముఖ్యం, సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లిస్తారో అడుగు. ఆ అప్‌డేట్ పాతబడితే చాలా ఆఫీసుల సర్వర్లు మెయిల్ ఆపేస్తాయి. శామ్‌సంగ్ గెలాక్సీ ఏ16 5జీకి ఆరేళ్లు ఇస్తామన్నారు, నా ఓటు అలాంటిదానికే.

ఖాతా పెట్టేటప్పుడు తొందరపడకు. ఫోన్‌లో ఉన్న మెయిల్ యాప్‌లో ఎక్స్చేంజ్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆఫీసు మెయిల్) ఖాతా నేరుగా పెడితే 'డేటా అంతా చెరిపే అనుమతి' అడగొచ్చు. ఒప్పుకుంటే రేపు ఉద్యోగం మారినప్పుడు ఇంటి ఫొటోలతో సహా పోయే ప్రమాదం ఉంది. ఆఫీసువాళ్లని 'వర్క్ ప్రొఫైల్' (ఫోన్‌లోనే ఆఫీసు యాప్‌లకి విడిగా ఒక భాగం) ఇమ్మను. అప్పుడు ఆఫీసు యాప్‌ల మీద చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తు పడుతుంది, చెరిపినా ఆ భాగమే పోతుంది.

మెయిల్ అరగంట ఆలస్యంగా వస్తోందంటే తప్పు సిగ్నల్‌ది కాకపోవచ్చు. షావోమి, వివో, ఒప్పో ఫోన్లు బ్యాటరీ మిగల్చడానికి వెనకాల నడిచే యాప్‌లని ఆపేస్తాయి. సెట్టింగ్స్, యాప్స్, ఔట్‌లుక్ (ఆఫీసు మెయిల్ యాప్), బ్యాటరీ, అక్కడ 'అన్‌రిస్ట్రిక్టెడ్' పెట్టు, పేరు ఫోన్‌ని బట్టి కాస్త మారొచ్చు. ఆటోస్టార్ట్ (యాప్ తనంతట తానే మొదలయ్యే అనుమతి) ఉంటే అదీ ఆన్ చెయ్యి. ఔట్‌లుక్ రెండుసార్లు కనిపిస్తే బ్రీఫ్‌కేస్ ఉన్నదానికే చెయ్యాలి. చాలామంది ఆ గుర్తు లేనిదానికి చేసి, ఏమీ మారలేదంటారు.

* * *

పైన అన్న చెప్పినవాటికి నేను క్యాలెండర్ ముచ్చట కలుపుతాను. మనకి జనవరిలో సంక్రాంతి మూడు రోజులైతే, ఇక్కడ ఒడిశాలో జూన్ మధ్యలో రజ పండుగ మూడు రోజులు. ఏప్రిల్ 1 ఉత్కళ దివస్ (ఒడిశా అవతరణ దినం), ఆపైన రథయాత్ర. ఆఫీసు సెలవుల జాబితా చేతికి రాగానే ఒక్కొక్కటీ 'రోజంతా' అని, 'అవుట్ ఆఫ్ ఆఫీస్' గుర్తుతో ఎక్కించెయ్. లేకపోతే విజయవాడలో ఉన్న మేనేజర్ రజ రోజునే మీటింగ్ పెడతారు, నువ్వు ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తావు.

ఇంకొకటి. కొత్త ఫోన్‌లో ఆథెంటికేటర్ (లాగిన్‌ని నిర్ధారించే యాప్) పనిచేసి, ఒకసారి లాగిన్ అయ్యేదాకా పాత ఫోన్ అమ్మకు, రీసెట్ కూడా కొట్టకు.