జుమ్మెరాత్ బజార్‌లో దొరికిన గొడ్డలి తల, స్టాన్లీ రందా: తుప్పు వదిలించడం, కామ వేయడం ఎలా?

కొత్త సేకరణ:
అందరికీ నమస్కారం. హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లో పాత ఇనుము కుప్పలో రెండు వస్తువులు తీసుకున్నాను.

ఒకటి కామ (పట్టుకునే కర్ర పిడి) లేని గొడ్డలి తల. తూకం 1,240 గ్రాములు. పక్కన ఇంగ్లిషు ముద్రలో చివరి అక్షరాలు ‘వెల్’ అని, కింద ‘3 ఎల్‌బీ’ (3 పౌన్లు) అని లీలగా కనిపిస్తున్నాయి. వెనక మొద్దు అంచులు సుత్తి దెబ్బలకు విచ్చుకున్నాయి. రెండోది స్టాన్లీ కంపెనీ 4వ నంబరు ఇనుప రందా, చెక్క నునుపు చేసే చిత్రిక. బ్లేడు మీద ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అని ఉంది, స్క్రూలు బిగుసుకుపోయాయి.

బాత్రూం యాసిడ్‌లో వేస్తే గంటలో తెల్లబడతాయని అమ్మినాయన చెప్పాడు. గొడ్డలి కోనసముద్రం ఉక్కు అని కూడా అన్నాడు. నిజమేనా? కామ ఏ చెక్కతో వేయాలి? అమెరికాలో ఉన్న మా అన్నయ్యకి ఇలాంటివి ఇష్టం, ఆయనకి పంపొచ్చా?

కొలిమి దగ్గర:
యాసిడ్ మాత్రం వద్దండి. అది తుప్పుతో ఆగదు, మంచి లోహాన్నీ తింటుంది. మీకు మిగిలిన ఆ కాస్త ముద్ర ముందు పోతుంది. పైగా కాల్చి గట్టిపరిచిన ఉక్కులోకి హైడ్రోజన్ చేరి పెళుసు చేస్తుంది.

ముద్ర చదవాలంటే మెత్తటి ఇత్తడి బ్రష్‌తో దుమ్ము దులిపి, పొడి ముగ్గుపిండి రుద్ది, పైపైన తుడిచెయ్యండి. గుంటల్లో పిండి నిలుస్తుంది. చీకట్లో టార్చి పక్కనుంచి వేసి చూడండి, సగం పోయిన అక్షరం కూడా తేలుతుంది. మొత్తం ‘ఎల్వెల్’ అయితే ఇంగ్లండ్‌లోని వెడ్నెస్‌బరీలో చేసిన సరుకు, మంచి పేరున్న గొడ్డలి. ఇక కోనసముద్రం నిజామాబాద్ జిల్లాలో ఉంది. అక్కడ మూసల్లో (లోహం కరిగించే మట్టి పాత్రల్లో) కరిగించిన ఉక్కు కత్తుల కోసం పర్షియా దాకా వెళ్లింది, ఆ చరిత్ర నిజం. కానీ పౌన్లలో బరువు కొట్టిన ఇంగ్లిషు గొడ్డలికి దానితో సంబంధం లేదు. ఆ మాట మీద ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వొద్దు.

తూకం వేసి మంచి పని చేశారు. 3 పౌన్లంటే 1,361 గ్రాములు. మీ దగ్గర 120 గ్రాములు తక్కువ ఉంది. తుప్పుకి అంత పోదు, అందులో ఎక్కువ భాగం ఏళ్ల తరబడి సాన పట్టి అరగదీసిందే. ఇది ఎందుకు ముఖ్యమంటే, పాత గొడ్డళ్లలో చాలావాటికి ఒళ్లంతా మెత్తని ఇనుము, నోటి దగ్గర మాత్రమే ఉక్కు ముక్క అతికి ఉంటుంది. ఆ ఉక్కు అరిగిపోతే మిగిలేది గొడ్డలి ఆకారంలో ఉన్న ఇనుము మాత్రమే. అంచు నుంచి రెండంగుళాల మేర 400 నంబరు నీటి కాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితం) మెరిసేదాకా రుద్ది, వెనిగర్ గుడ్డ ఇరవై నిమిషాలు కప్పి ఉంచండి. ఉక్కు ముదురు బూడిద రంగుకి తిరుగుతుంది, ఇనుము తెల్లగా, పీచు పీచుగా కనిపిస్తుంది. మధ్యన అతుకు గీత తేలుతుంది. గీతకి ముందు కనీసం ఒక సెంటీమీటరు ఉక్కు ఉంటే ఇంకా చాలా ఏళ్లు పనికొస్తుంది. గీత అసలు రాలేదా, అది ఒకే ఉక్కుతో చేసిన తర్వాతి కాలం గొడ్డలి కావచ్చు.

తరవాత కన్ను, అంటే కామ దూరే రంధ్రం. వెనక మొద్దుని సుత్తిలా వాడితే కన్ను గోడలు ఉబ్బుతాయి, మూలల్లో పగుళ్లు వస్తాయి. ఒక స్టీలు స్కేలు తల చెంప (పక్క భాగం) మీద నిలబెట్టండి, ఉబ్బు ఉంటే ఊగుతుంది. పురికొసకి వేలాడదీసి చిన్న సుత్తితో తట్టండి. గంటలా మోగితే సరే. బొంగురుగా, చప్పగా వినిపిస్తే పగులుందేమో వెతకండి. కన్ను పగిలిన తలకి కామ వేయకూడదు, అది గోడకి వేలాడదీసుకోవడానికే.

నీలిరంగు చెడ్డది:
తుప్పు సంగతి నేను చెప్తాను. గొడ్డలిని కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగర్‌లో పూర్తిగా మునిగేలా ఉంచండి. సగం మునిగితే నీటి మట్టం దగ్గర గీతలా తింటుంది. పన్నెండు గంటలకి తీసి బ్రష్ చేసి చూడండి, ఇంకా ఉంటే మళ్లీ పన్నెండు గంటలు. అంతకన్నా వదిలేయొద్దు. తీసిన వెంటనే లీటరు నీళ్లకి రెండు చెంచాల వంటసోడా కలిపి ముంచి, కడిగి, స్టవ్ పక్కన వేడి తగిలేలా ఆరబెట్టి, నూనె రాయండి. ఈ పని పది నిమిషాలు ఆలస్యమైతే పసుపు రంగు తుప్పు మళ్లీ పూస్తుంది.

లోతైన తుప్పుకి కరెంటు పద్ధతి మేలు. ప్లాస్టిక్ బకెట్‌లో 4 లీటర్ల నీళ్లకి ఒక పెద్ద చెంచా బట్టల సోడా. 12 వోల్టుల బ్యాటరీ చార్జర్ మైనస్ తీగ గొడ్డలికి, ప్లస్ తీగ పాత ఇనుప ముక్కకి. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు గరిటె, గిన్నె లాంటివి ఎప్పుడూ పెట్టొద్దు, విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గదిలో కాదు, డాబా మీద చేయండి. తీగలు కదపాలంటే ముందు స్విచ్ ఆపండి. రందాని మాత్రం ఇందులో వేయొద్దు, దాని నల్ల పూత పొరలు పొరలుగా లేచిపోతుంది.

రందా మేస్త్రి:
రందాలో చూడాల్సినవి. బ్లేడుని బిగించే ఇనుప మూత మీద రంధ్రం తాళంచెవి కన్నంలా నిటారుగా ఉందా, మూత్రపిండం ఆకారంలో ఉందా? అమెరికా స్టాన్లీల్లో రెండోది 1933 తరవాత వచ్చింది. మీది ఇంగ్లండ్‌ది. అక్కడ స్టాన్లీ రందాల తయారీ మొదలైంది 1930ల చివర్లో, కాబట్టి అంతకన్నా పాతది కాదు.

ఇది పోత ఇనుము, కింద పడితే విరుగుతుంది. నోటి (బ్లేడు బయటికి వచ్చే సందు) రెండు మూలల్లో, పక్క గోడల్లో సన్నని పగుళ్ల కోసం భూతద్దంతో చూడండి. ఇత్తడి రంగు గీత కనిపిస్తే ఎవరో అతికించారని అర్థం.

స్క్రూలకి డీజిల్ పోసి ఒక రాత్రి ఆగండి. గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరే వాడండి, గాడి చెరిగితే విలువ పోయినట్టే. ఒక్కటి కూడా పారేయకండి: పిడి స్క్రూ మర (చుట్లు తిరిగే గాడి), బ్లేడు లోతు సర్దే ఇత్తడి చక్రం మర స్టాన్లీ వాళ్ల సొంత కొలతలు. ఇక్కడి హార్డ్‌వేర్ షాపు మెట్రిక్ స్క్రూ ఎక్కించబోతే లోపలి మర చెడుతుంది. ఆ ఇత్తడి చక్రానికి ఎడమ మర (మామూలు స్క్రూకి ఎదురు దిశలో తిరిగేది) ఉంటుందని గుర్తుంచుకోండి, చాలామంది వదులు చేస్తున్నామనుకుని బిగించేస్తారు.

అడుగు చదును చేసేటప్పుడు బ్లేడు లోపలికి లాగి, మూత మామూలుగా బిగించి ఉంచండి. ఆ ఒత్తిడికి అడుగు కొద్దిగా వంగుతుంది, విడదీసి చదును చేస్తే బిగించాక మళ్లీ తేడా వస్తుంది. మందపాటి అద్దం మీద పరిచిన 120 నంబరు గరుకు కాగితం చాలు. ముక్కు (ముందు కొస), నోటి ముందు అంచు, మడమ (వెనక కొస), ఈ మూడు చోట్లా తగిలితే ఆపేయండి. అడుగంతా అద్దంలా మెరవాల్సిన పని లేదు.

ఇదే సందర్భంలో ఇంకో మాట. పాత ఉలుల మీద ‘కాస్ట్ స్టీల్’ అని ఉంటే పోత ఇనుము అనుకుని వదిలేస్తుంటారు. అది మూసలో కరిగించి, కడ్డీ పోసి, సుత్తితో సాగగొట్టిన షెఫీల్డ్ ఉక్కు. కనిపిస్తే తీసుకోండి.

కొత్త సేకరణ:
చాలా థాంక్సండీ. ముద్ర ‘ఎల్వెల్’ అనే తేలింది. తల గంటలా మోగింది, ఉబ్బు లేదు. అతుకు గీత అంచుకి 22 మి.మీ. వెనక ఉంది. కొత్త ఆకురాయితో అంచు రుద్దితే అంతటా కష్టం మీద పట్టుతోంది, ఒక మూలన మాత్రం వెన్నలా దిగుతోంది. అక్కడ కొంచెం నీలం మరక ఉంది.

నీలిరంగు చెడ్డది:
ఆ మూలని ఎవరో కరెంటు సాన మీద కాల్చారు. ఉక్కు గడ్డి రంగుకి వచ్చేసరికి 220 డిగ్రీలు, నీలం వచ్చేసరికి 300 దగ్గర. అప్పటికే గట్టిదనం పోయింది, చల్లారినా తిరిగి రాదు. చేతి ఆకురాయితో ఆ మూలని అర మిల్లీమీటరు చొప్పున వెనక్కి తీస్తూ, ప్రతిసారీ పరీక్షించండి. మిగతా అంచులాగే ఆకురాయి కష్టపడ్డ చోట ఆగండి. మామూలుగా 2, 3 మి.మీ. లోపే అయిపోతుంది, మీకు 22 ఉంది కాబట్టి దిగులు లేదు. తరవాత మొత్తం అంచుని ఆ వంపుకి సరిచేసి, రెండు వైపులా కలిపి 25 డిగ్రీల కోణంలో తడి సానరాయి మీద పూర్తి చేయండి.

కొలిమి దగ్గర:
కామకి చిరుమాను చెక్క దొరికితే అదే. లేదంటే తడ, నల్లతుమ్మ. టేకు వద్దు, దెబ్బ ఓర్చుకోదు. చీల్చిన కర్ర కావాలి, రంపంతో కోసిన దాంట్లో పీచు అడ్డంగా బయటికి తెగుతుంది, విరిగేది అక్కడే. కనీసం ఏడాది నీడలో ఆరి ఉండాలి. కర్ర కొన చూస్తే వలయాల గీతలు గొడ్డలి అంచు దిశలోనే సాగాలి.

కన్ను లోతు కొలిచి, అందులో మూడింట రెండు వంతుల లోతుకి కామ కొసన రంపంతో గాటు పెట్టండి. తలని కామలోకి దింపేటప్పుడు కామని తలకిందులుగా పట్టుకుని, అడుగు కొసని కొయ్య సుత్తితో కొట్టాలి. తల దాని బరువుకి అదే పైకి ఎక్కుతుంది. దించాక కామ కన్ను పైన 5 మి.మీ. బయటికి రావాలి. గాటులో ఎండిన చెక్క చీల కొట్టాక, బయటికొచ్చిన ఆ ముక్క కోయకుండా అలాగే ఉంచండి, విచ్చుకున్న ఆ అంచే తలని పట్టుకుంటుంది.

వదులైతే నీళ్లలో నానబెట్టడం మన ఊళ్లలో అలవాటు. ఆ పూటకి బిగుస్తుంది. కానీ ఉబ్బిన చెక్క ఇనుముకి నొక్కుకుని పీచు నలుగుతుంది, ఎండాక ముందుకన్నా సన్నబడుతుంది. నీళ్లకి బదులు లిన్సీడ్ (అవిసె) నూనె పట్టించండి. ఆ నూనె గుడ్డల్ని ఉండ చుట్టి మూలన పడేయొద్దు, వాటంతట అవే అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టండి.

అన్నయ్యగారికి పంపే సంగతి: 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక, కళా, చేతివృత్తుల విలువ ఉండి వందేళ్లు దాటిన వస్తువుల్ని మనలాంటి వాళ్లు దేశం దాటించకూడదు. రందాకి ఆ వయసు లేదు. గొడ్డలి వయసు తేలలేదు కాబట్టి, పంపే ముందు అది పురావస్తువు కాదని పురావస్తు సర్వే శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకోండి. ఇకమీద కుప్పల్లో రైల్వే ముద్ర ఉన్న పనిముట్లు కనిపిస్తే వేలం రసీదు అడక్కుండా కొనొద్దు. దొంగ సరుకని అనుమానం వస్తే 1966 రైల్వే ఆస్తి చట్టం కింద దగ్గర పెట్టుకున్నవాళ్లే జవాబు చెప్పుకోవాలి.