అప్‌డేట్: ఔలు చలిలో స్టార్ట్ కాని డీజిల్ కారు, కారణం దొరికింది

ఫిన్లాండ్‌లోని ఔలులో మైనస్ 25 చలికి కారు స్టార్ట్ కావట్లేదని, ఆఫీసుకు రోజూ లేటవుతోందని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

ఇంజిన్ హీటర్ (స్టార్ట్ చేసే ముందు కరెంటుతో ఇంజిన్‌ను వేడెక్కించేది) వైరు చూడమన్న సలహాయే నిజమైంది. పార్కింగ్‌లో కరెంటు సాకెట్, టైమర్ ఉండే స్తంభానికి రోజూ హీటర్ ప్లగ్ పెడుతున్నా, టైమర్ కూడా తిరుగుతోంది, కానీ వేడి ఇంజిన్ దాకా చేరట్లేదు. మెకానిక్ బంపర్ దగ్గరి సాకెట్ విప్పి చూపించాడు: పిన్నుల మీద పచ్చటి చిలుము, ఒకదాన్నైతే సగం తినేసింది. వైరు మార్చాక, బయల్దేరే ముందు రెండు గంటలు వేడెక్కిస్తే తాళం తిప్పగానే అందుకుంటోంది. ప్రాణం లేచొచ్చింది!

బ్యాటరీ బాగానే ఉంది. డీజిల్ గడ్డకట్టిందన్న నా అనుమానమూ తప్పే, ఇక్కడి బంకుల్లో ఈ చలికి గడ్డకట్టని చలికాలం డీజిలే పోస్తారు. కొత్తగా వచ్చేవాళ్లు మంచు ముదరకముందే ఒకసారి ప్లగ్ పెట్టి, గంటయ్యాక బానెట్ ఎత్తి వేడి తగులుతోందో లేదో చూసుకోండి.