స్టాకింగ్‌ని తెలుగులో ఏమనాలి?

స్త్రీ వద్దంటున్నా వదలకపోవడాన్ని, అంటే స్టాకింగ్‌ని, నేరంగా చెప్పే భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 78వ సెక్షన్‌ని తెలుగులో రాస్తూ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. స్టాకింగ్‌కి ‘వెంటపడటం’ అని రాస్తే మా అబ్బాయి నవ్వాడు: “సినిమాల్లో హీరోలందరూ చేసేది అదేగా నాన్నా!” సరదాగానే అన్నాడు కానీ నాకు గుచ్చుకుంది. ‘వెంబడించడం’ అందామా?

— వద్దు మాస్టారూ. పోలీసులు దొంగను వెంబడిస్తారు, కుక్క బండిని వెంబడిస్తుంది. దొరికితే అయిపోయింది. ఇక్కడ నేరం పరుగులో లేదు. ఆమె ఇష్టం లేదని స్పష్టంగా తెలిపాక కూడా పదే పదే మాట కలపాలని చూడటంలో ఉంది. నిర్భయ ఘటన తర్వాత వేసిన జస్టిస్ వర్మ కమిటీ నివేదిక వచ్చాక, 2013లో అప్పటి ఐపీసీలో ఇదే నేరానికి 354డి సెక్షన్ చేరినప్పటి నుంచీ చట్టం పట్టుకున్నది ఈ ‘ఇష్టం లేదు’నే.

— నా ఓటు వెంటపడటానికే అండీ. ఆడపిల్ల ఇంటికొచ్చి చెప్పేది ఆ మాటే: “అమ్మా, వాడు వెంటపడుతున్నాడు.” లేదంటే ‘ఏడిపిస్తున్నాడు’. మాటలోనే ఏడుపు ఉంది, అయినా వినేవాళ్లకి అదో అల్లరి! అసలు నా కోపమంతా పేపర్ల ‘ప్రేమోన్మాది’ మీద. పిల్ల గొంతు కోసినవాడికి కూడా ముందు ప్రేమ తగిలించి, ఆ తర్వాతే ఉన్మాదం అంటారు. ఆమె వద్దన్నదానికి ఆ మాటలో చోటేదీ?

— మా దిక్కు ‘సతాయించుడు’ అంటం. గని చిన్న పిల్లలు సుత సతాయిస్తరు, సెక్షన్‌కు పనికిరాదు.

— చట్టం కూడా మొదటిసారి మెత్తగానే ఉందిగా! మూడేళ్ల దాకా శిక్ష, కానీ బెయిలు హక్కుగా దొరుకుతుంది. రెండోసారి దోషిగా తేలితేనే ఐదేళ్ల దాకా, నాన్ బెయిలబుల్. బెయిలు మీద వచ్చినవాడు మళ్లీ అదే సందు చివర నిలబడితే ఆ పిల్లకి ఎంత టెన్షన్! మొదటిసారే నాన్ బెయిలబుల్ చేయమని అడగడంలో తప్పేముంది?

— దానికి నేనూ సై. మాట సంగతికొస్తే, ఫోన్‌లో, ఈమెయిల్‌లో ఆమె ఏం చేస్తోందో కనిపెట్టి ఉండటం కూడా ఈ సెక్షన్ కిందికే వస్తుంది. వాడు గడప దాటక్కర్లేదు. మరి అది వెంటపడటం ఎలా అవుతుంది?

అవును, అక్కడే చిక్కు. ప్రస్తుతానికి ‘వెంటపడి వేధించడం’, దాని పక్కన ‘నిఘా పెట్టడం’ అని రెండూ రాశాను. ‘వేధించడం’ కూడా తీసేయాలా అని ఇంకా తేలలేదు. వద్దన్నాక వెంటపడితే చాలు, వేధించాడని వేరే రుజువు చట్టం అడగదు.