పిల్లి మమ్మీని తెలుగులో ఏమందాం? కళేబరమా, కలేబరమా?

పాలపిట్ట: రెండు రోజులుగా ఒక మాట వేధిస్తోంది. ఏడో తరగతిలో సోషల్ మాస్టారు ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాసిన సంగతి చెప్పారు. ఈజిప్టులో ఇంట్లో పిల్లి చనిపోతే అందరూ కనుబొమలు గొరిగించుకునేవారట. దాన్ని బుబాస్తిస్ నగరానికి తీసుకెళ్ళి, లేపనాలు పూయించి పాతిపెట్టేవారట. మాస్టారు 'మమ్మీ' అనలేదు. కళేబరం అన్నారా?

తుంగభద్ర: అయ్యుండదండీ. కళేబరమంటే రోడ్డు పక్కన పడి ఉన్న గొడ్డే గుర్తొస్తుంది. అక్కడి పిల్లి దేవత బాస్తెత్‌కు మొక్కుగా నారబట్ట చుట్టి ఇచ్చినదాన్ని అలా అనడానికి నోరు రాదు.

పాతపుస్తకం: ముందు అక్షరం చూద్దాం. సంస్కృతంలో అది కలేబరం, కలేవరం. 'ళ' మనం తెచ్చుకున్నది.

తుంగభద్ర: 'కలా' మనకు కళ అయింది, నలుడు నళుడయ్యాడు. ఇన్నాళ్ళకు 'ళ' తప్పా?

పాతపుస్తకం: తప్పనలేదు. గీత ఎనిమిదో అధ్యాయంలో అంత్యకాలంలో విడిచే దేహం ఈ మాటే, ఏవగింపేమీ లేదు. పూరీలో జగన్నాథుడి దారువిగ్రహాలు మార్చే వేడుక నవకళేబరం, 2015లోనూ జరిగింది. దేవుడికి సరిపోయిన మాట పిల్లికి సరిపోదా?

కొండపల్లి: పిల్లి దగ్గరే ఆగిపోయారు. మెంఫిస్‌లో ఏపిస్ ఎద్దు సాక్షాత్తు దేవుడు, ఒక్కసారికి ఒక్కటే. 1851లో ఫ్రెంచి పురావస్తు పరిశోధకుడు మారియెట్ మెంఫిస్ శ్మశానమైన సక్కారా నేలమాళిగలో చూసిన పెద్ద రాతిపెట్టెలు వాటివే. మొక్కు పిల్లుల సంగతి వేరు. వాటిని అందుకోసమే పెంచి, చాలావాటిని పిల్లలుగానే చంపి, యాత్రికులకు అమ్మేవారు. మాంచెస్టర్ పరిశోధకులు ఎనిమిది వందలకు పైగా జంతు మమ్మీలకు ఎక్స్‌రే తీస్తే, దాదాపు మూడోవంతు మూటల్లో ఎముకే లేదు. మట్టి, రెల్లు, పుల్లలు. వాటిని కళేబరం అనగలమా?

తుంగభద్ర: అందుకే నేను 'మొక్కు మూట' అంటాను. ఖాళీదానికీ సరిపోతుంది.

పాతపుస్తకం: ఈజిప్టువారి సొంతమాట 'సాహ్'. అందులో మమ్మీ ఉంది, పెద్దరికమూ ఉంది. మన మాటలోనూ ఆ మర్యాద ఉండాలి. 'మూట'లో లేదు.

కొండపల్లి: మర్యాద కావాలంటే 'శ్రీకాళహస్తి మాహాత్మ్యం' రాసిన ధూర్జటి దగ్గరికి వెళ్ళాలి. సాలెపురుగుకూ పాముకూ ఏనుగుకూ అంత ప్రేమగా మోక్షమిప్పించిన కవి ఇంకెవరున్నారు? ప్రాణం పోయాక ఏనుగు ఒంటిని ఆయన ఏమన్నాడో చూడండి.

తుంగభద్ర: నాన్నగారి ప్రతి ఇంట్లోనే ఉంది, రాత్రికి ఆ ఘట్టం తీస్తాను. 'కాయము' అని ఉంటుందని నా నమ్మకం.

పాలపిట్ట: మా మాస్టారి మాటలో 'ళ' ఉందండీ. అదొక్కటే చెవిలో మిగిలింది.