డీఎస్‌జీ కారుకి స్టేజ్ 1 ట్యూన్ చేయిస్తే వారంటీ సంగతేంటి?

వరంగల్ వర్టస్ (ప్రశ్న)

అందరికీ నమస్తే. కారు ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ, 1.5 టీఎస్ఐ, 7 గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్), 2023 మోడల్. 28 వేలు తిరిగింది. నాలుగేళ్లు లేదా లక్ష కిలోమీటర్ల వారంటీ ఇంకా నడుస్తోంది. స్టేజ్ 1 రీమ్యాప్‌తో, అంటే పార్టులు మార్చకుండా ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మాత్రమే మార్చి, 180 పీఎస్ పవర్, 300 ఎన్ఎం టార్క్ వస్తుందని హైదరాబాద్‌లో ఒక ట్యూనర్ అంటున్నాడు. "సర్వీసుకి వెళ్లే ముందు చెప్పండి, స్టాక్ ఫైల్, అంటే కంపెనీ అసలు సాఫ్ట్‌వేర్, వేసిచ్చేస్తాం, షోరూమ్ వాళ్లకి తెలియనే తెలియదు" అని కూడా అన్నాడు.

నిజంగా తెలియదా? తెలిస్తే వారంటీ మొత్తం పోతుందా, ఇంజిన్ వరకేనా? రీమ్యాప్ కాకుండా ట్యూనింగ్ బాక్స్ పెట్టి, కావాలన్నప్పుడు పీకేస్తే గొడవ ఉండదా?

ఓబీడీ పిచ్చోడు

తెలుస్తుంది. ఎలాగో చెప్తాను.

ఫోక్స్‌వ్యాగన్, స్కోడా సర్వీస్ సెంటర్లలో వాడే డయాగ్నస్టిక్ సాఫ్ట్‌వేర్ పేరు ఓడిస్. అది ఆన్‌లైన్‌లో కంపెనీ సర్వర్‌తో మాట్లాడుతుంది. ఈసీయూలో (ఇంజిన్ కంప్యూటర్) ఉన్న సాఫ్ట్‌వేర్, ఆ చాసిస్ నంబర్‌కి ఉండాల్సిన సాఫ్ట్‌వేర్ ఒకటేనా కాదా అని సరిచూసే అవకాశం దానికి ఉంది. తేడా దొరికితే ఆ చాసిస్ నంబర్ మీద టీడీ1 అనే గుర్తు పడుతుంది. గుర్తు పడేది సర్వర్‌లో, కారులో కాదు. తర్వాత స్టాక్ ఫైల్ వేసుకున్నా సర్వర్‌లో ఉన్నది అక్కడే ఉంటుంది. వేరే ఊరి డీలర్ దగ్గరికి వెళ్లినా అదే కనిపిస్తుంది.

స్టాక్ ఫైల్ వేసుకుని వెళ్తే? ఈసీయూని ఎన్నిసార్లు ఫ్లాష్ చేశారో లెక్కపెట్టే కౌంటర్ ఒకటుంది. ఫ్యాక్టరీలోనో డీలర్ దగ్గరో జరిగిన వాటికంటే ఎక్కువ ఉంటే అడిగేవాడు అడుగుతాడు. ప్రతిసారీ చూస్తారా అంటే చూడరు. ఆయిల్ మార్చి పంపేస్తారు. కానీ టర్బోనో గేర్‌బాక్సో పోయి పెద్ద క్లెయిమ్ పెట్టినప్పుడు మాత్రం అన్నీ చూస్తారు. మనకి వారంటీతో నిజంగా పని పడేది ఆ రోజే.

ఇంకోటి, మామూలు ఓబీడీ డాంగిల్ (కారు డయాగ్నస్టిక్ సాకెట్‌లో పెట్టేది), ఫోన్ యాప్‌తో మీరే ఇప్పుడు సీవీఎన్, అంటే ఈసీయూ సాఫ్ట్‌వేర్‌ని సరిచూసే కోడ్, చదివి రాసిపెట్టుకోండి. మోడ్ 09లో ఉంటుంది, ఎనిమిది అక్షరాలూ అంకెలూ కలిసిన కోడ్. సాఫ్ట్‌వేర్ మారితే అదీ మారుతుంది. పాత సీవీఎన్‌నే చూపించేలా ఫైల్ రాసే ట్యూనర్లూ ఉన్నారు. కానీ ఏదైనా ఎర్రర్ కోడ్ పడిన క్షణంలో ఈసీయూ ఫ్రీజ్ ఫ్రేమ్ దాచుకుంటుంది: ఎంత ఆర్‌పీఎం, ఎంత లోడ్, ఎంత ప్రెషర్. పీ0234, అంటే ఓవర్‌బూస్ట్, దాని పక్కన స్టాక్ కారులో రాని ప్రెషర్ అంకె ఉంటే ఇక వాదించడానికేం ఉంటుంది?

బూస్ట్ బాబాయ్

మరీ భయపెట్టకండి. స్టాక్ ఫైల్ వేసి వెళ్తే చాలామందికి ఏమీ కాలేదు. ఏదన్నా అంటే "నాకేం తెలీదు" అనడమే.

ఓబీడీ పిచ్చోడు

అది సలహా కాదు బాబాయ్. క్లెయిమ్ ఫారం మీద సంతకం పెట్టి అబద్ధం చెప్పాక, రేపు కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్తే కేసు మొదటి వాయిదాలోనే చచ్చిపోతుంది. పైగా సర్వీస్ సెంటర్ వాడు తెలియక మామూలు అప్‌డేట్ వేస్తే మీరు డబ్బు పెట్టి కొన్న ట్యూన్ ఎగిరిపోతుంది. ట్యూనర్ ఈసీయూకి సొంత లాక్ వేసి ఉంటే అప్‌డేట్ సగంలో ఆగి కారు స్టార్ట్ కాకుండా కూర్చునే ప్రమాదం కూడా ఉంది. ట్యూన్ ఉన్న కారుకి జాబ్ కార్డ్ మీద "నన్ను అడగకుండా ఈసీయూ అప్‌డేట్ చేయవద్దు" అని రాయించాలి. రాయిస్తే సంగతి వాళ్లకి ఎలాగూ అర్థమవుతుంది. దాచడం, ట్యూన్‌ని కాపాడుకోవడం రెండూ ఒకేసారి కుదరవు.

గేర్‌బాక్స్ గోదారి

వారంటీ మాట తర్వాత. ఈ కారులో అసలు సమస్య గేర్‌బాక్స్.

మీ కారులో ఉన్నది డీక్యూ200. డ్రై క్లచ్‌లు రెండు: ఒకటి 1, 3, 5, 7 గేర్లకి, రెండోది 2, 4, 6, రివర్స్‌కి. దీన్ని కంపెనీ డిజైన్ చేసిందే 250 ఎన్ఎం వరకు. మీ ఇంజిన్ స్టాక్‌లో ఇచ్చేదీ సరిగ్గా 250 ఎన్ఎం. అంటే ఇప్పటికే అంచు మీద ఉంది. 300 ఎన్ఎం అంటే 20 శాతం ఎక్కువ. ఆయిల్‌లో తడిసే క్లచ్ అయితే వేడిని ఆయిల్ లాక్కుపోతుంది. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. క్లచ్ స్లిప్ అయిన ప్రతిసారీ పుట్టిన వేడి ప్లేట్ల దగ్గరే ఉండిపోతుంది. అమీర్‌పేట, కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో పాక్కుంటూ వెళ్లి, వెంటనే ఫ్లైఓవర్ ఎక్కుతూ పెడల్ నేలకి తొక్కితే ఏమవుతుందో ఊహించుకోండి. మొదట 1 నుంచి 2కి మారేటప్పుడు వణుకు, తర్వాత ఎత్తు ఎక్కేటప్పుడు ఆర్‌పీఎం లేచి స్పీడ్ రాకపోవడం, ఆ తర్వాత వాసన.

"గేర్‌బాక్స్ ట్యూన్ కూడా చేస్తాం, క్లచ్ ప్రెషర్ పెంచుతాం" అంటారు. ప్రెషర్ పెంచితే స్లిప్ తగ్గుతుంది, నిజమే. కానీ ప్లేట్ల సైజు పెరగదు, వేడి పోయే దారీ పెరగదు.

ఇప్పుడు అసలు లెక్క. పీఎస్ అంటే టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి 7024తో భాగించడం, అంతే. 300 ఎన్ఎం, 4200 ఆర్‌పీఎం దగ్గర 179 పీఎస్. ట్యూనర్ చెప్పిన 180 ఇక్కడి నుంచే వస్తోంది, మొత్తం టార్క్ మీద. అదే పవర్‌ని పై ఆర్‌పీఎంలో తీసుకుంటే కథ వేరు. స్టాక్‌లో 5500 దగ్గర 150 పీఎస్ అంటే టార్క్ సుమారు 192 ఎన్ఎం మాత్రమే. అక్కడ 220కి పెంచితే 172 పీఎస్ వస్తుంది. గేర్‌బాక్స్ మాత్రం 250 దాటలేదు. హైవే మీద ఓవర్‌టేక్‌కి తేడా తెలుస్తుంది, క్లచ్‌కి తెలియదు.

ఇలాంటి ఫైల్ కావాలంటే చాలామంది ట్యూనర్లు మొహం చిట్లిస్తారు. కింది ఆర్‌పీఎంలో వీపు సీటుకి అతుక్కునే తోపు లేకపోతే కస్టమర్ "ఏమీ తేడా లేదు" అంటాడని వాళ్ల భయం.

ఓబీడీ పిచ్చోడు

దీనికి ఇంకో కారణం కూడా కలపండి: ఎల్ఎస్‌పీఐ, అంటే తక్కువ ఆర్‌పీఎంలో మిశ్రమం ముందే అంటుకోవడం. చిన్న డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోల్లో 1500 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య ఎక్కువ లోడ్ పెడితే, స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకుంటుంది. మామూలు నాక్‌కి (స్పార్క్ తర్వాత మిశ్రమం అదుపు తప్పి పేలడం) ఈసీయూ స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగి సర్దుకుంటుంది. దీనికి ఆ అవకాశం లేదు, ఒక్క దెబ్బకే పిస్టన్ రింగ్ ల్యాండ్ (రింగుల మధ్య ఉండే పిస్టన్ అంచు) విరగొచ్చు. ఆయిల్ పాత్ర కూడా ఉంది. అందుకే డబ్బా మీద హ్యాండ్‌బుక్‌లో చెప్పిన ఫోక్స్‌వ్యాగన్ నంబర్ ఉందో లేదో చూడాలి. ఏపీఐ గ్రేడ్ కూడా ఉంటే ఎస్ఎన్ ప్లస్ లేదా ఎస్‌పీ ఉండాలి. ట్యూన్ అయ్యాక ఆరో గేర్‌లో 1600 దగ్గర పూర్తిగా తొక్కే అలవాటు మానుకోవాలి. డీఎస్‌జీని ఎస్ మోడ్‌లో పెడితే గేర్ అదే దించుకుంటుంది.

వరంగల్ వర్టస్

చాలా థ్యాంక్స్ అన్నా. మరి ట్యూనింగ్ బాక్స్?

గేర్‌బాక్స్ గోదారి

నన్నడిగితే డీఎస్‌జీకి రీమ్యాప్ కంటే అదే ప్రమాదం. బాక్స్ చేసే పని ఇది: బూస్ట్ సెన్సర్ వైరు మధ్యలో కూర్చుని, ఉన్న ప్రెషర్ కంటే తక్కువ ఉందని ఈసీయూకి చెబుతుంది. ఈసీయూ నమ్మి ఇంకా బూస్ట్ పెంచుతుంది. ఇప్పుడు ఈసీయూ లెక్క ప్రకారం టార్క్ 250, నిజానికి 290. గేర్‌బాక్స్ కంట్రోలర్ క్లచ్‌ని ఎంత గట్టిగా నొక్కాలో నిర్ణయించుకునేది ఈసీయూ చెప్పిన టార్క్ అంకెని బట్టే. అంటే 290కి 250కి సరిపడా నొక్కుడే. ఇక స్లిప్ కాక ఏమవుతుంది?

పీకేస్తే సాఫ్ట్‌వేర్‌లో మార్పు కనబడదు, టీడీ1 కూడా పడకపోవచ్చు. కానీ క్లచ్ ప్లేట్లు నల్లబడి ఉంటాయి, సెన్సర్ కనెక్టర్ లాక్ ట్యాబ్ మీద పదే పదే తీసిన గీతలుంటాయి, పాత కోడ్‌లు మెమరీలో ఉంటాయి.

వాయిదాల వెంకన్న

చట్టం వైపు రాస్తున్నాను. ఈ టాపిక్‌లో యూట్యూబ్ చూసి చాలామంది అమెరికా చట్టాన్ని ఇక్కడికి తెస్తారు.

"వారంటీ మొత్తం రద్దు" అని సర్వీస్ అడ్వైజర్ నోటితో అన్నా, మీ వారంటీ పుస్తకంలో మినహాయింపుల పేజీ తీసి చదవండి. సాధారణంగా ఉండేది: కంపెనీ ఆమోదించని మార్పుల వల్ల కలిగిన లోపాలకి వర్తించదు. "వల్ల" అన్న మాట మీకు ముఖ్యం. ట్యూన్ ఉన్నంత మాత్రాన ఏసీ కంప్రెసర్, పవర్ విండో, సస్పెన్షన్ క్లెయిమ్ తిరస్కరిస్తే నిలబడడం కష్టం. ఇంజిన్, టర్బో, క్లచ్, గేర్‌బాక్స్, కొంతవరకు డ్రైవ్‌షాఫ్ట్‌లు: వీటిపై ఆశ వదులుకుని లెక్క వేసుకోండి.

మధ్యలో ఉండేవే చిక్కు. డీక్యూ200లో పీ17బీఎఫ్ అనే కోడ్ స్టాక్ కార్లలోనూ వస్తుంది. గేర్‌బాక్స్‌ని నడిపే మెకాట్రానిక్ యూనిట్‌లో ఆయిల్ ప్రెషర్ నిలిపే అక్యుములేటర్ దగ్గర పగులు వచ్చి ప్రెషర్ పోతుంది. దానికీ ఇంజిన్ టార్క్‌కీ నేరుగా సంబంధం లేదు. అయినా ట్యూన్ కనబడితే తిరస్కరించే అవకాశమే ఎక్కువ. అప్పుడు చేయాల్సింది: తిరస్కరణ కారణంతో సహా రాతపూర్వకంగా తీసుకోండి, ఓడిస్ రిపోర్ట్ కాపీ అడగండి, విప్పిన పార్ట్ వాళ్ల దగ్గర వదలకుండా ఫోటోలు తీసి వెనక్కి తీసుకోండి. తర్వాత 1915కి (జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్) ఫిర్యాదు. అక్కడ తేలకపోతే జిల్లా కన్స్యూమర్ కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల లోపు. ఫీజు కారు ధరను బట్టి: 10 నుంచి 20 లక్షలైతే 400 రూపాయలు. లోపం పరీక్ష చేస్తే గాని తేలదనుకుంటే సెక్షన్ 38 కింద కమిషన్ ల్యాబ్‌కి పంపించగలదు. ఆ పార్ట్ మీ దగ్గర ఉండాలన్నది అందుకే.

వారంటీతో సంబంధం లేని రెండు విషయాలు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52: ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నంగా మారేలా మార్పులు చేయకూడదు. సెక్షన్ 182ఏ కింద యజమానికి ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. మీ ఆర్‌సీ మీద హార్స్‌పవర్ గడి ఉందేమో చూసుకోండి. రెండోది ఇన్సూరెన్స్: మార్పు సంగతి కంపెనీకి మెయిల్‌లో చెప్పి జవాబు దాచుకోండి. చెప్పకుండా యాక్సిడెంట్ అయితే సొంత డ్యామేజీ క్లెయిమ్‌కి వాళ్లకి మీరే సాకు ఇచ్చినట్టు. ఇంజిన్ తనంతట తాను పాడైతే మామూలు పాలసీ ఎలాగూ ఇవ్వదు.

డాలస్ గోల్ఫ్

అమెరికా చట్టం మాట వచ్చింది కాబట్టి: అది 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం. బయటి పార్ట్ వాడారన్న ఒక్క సాకుతో వారంటీ నిరాకరించకూడదంటుంది. ఇక్కడ అమెరికాలోనూ టీడీ1 పడుతుంది, పడ్డాక ఇంజిన్ క్లెయిమ్‌లు కష్టమే. ఇక్కడి మనవాళ్లు అదనంగా చూసుకోవాల్సింది ఉద్గారాల నిబంధనలు. కాలిఫోర్నియాలో అయితే ఆ ట్యూన్‌కి కార్బ్ (అక్కడి గాలి నాణ్యత బోర్డు) ఆమోదించినట్టు ఇచ్చే ఈఓ నంబర్ ఉందా లేదా అన్నది ముందు చూడాలి.

వరంగల్ వర్టస్

వారంటీ అయ్యే దాకా ఆగుదామా అనిపిస్తోంది. ఒకవేళ చేయిస్తే ట్యూనర్‌ని ఏమేం అడగాలి?

గేర్‌బాక్స్ గోదారి

ఆగడమే మంచిది. ఎక్స్‌టెండెడ్ వారంటీ కొనే ఆలోచన ఉంటే టీడీ1 పడిన కారుకి అదీ సందేహమే.

చేయించే పక్షంలో ముందు డీలర్ దగ్గర క్లచ్ ప్యాక్, మెకాట్రానిక్, టర్బో మూడింటికీ ఎస్టిమేట్ రాయించుకోండి. ఆ మొత్తం చేతిలో ఉంటేనే ముందుకెళ్లండి.

ట్యూన్‌కి ముందు స్టాక్‌లోనే లాగ్ (కారు నడుస్తుండగా ఈసీయూ అంకెల రికార్డు) తీయండి. ఖాళీ రోడ్డు, మూడో గేర్ మాన్యువల్‌లో, 2000 నుంచి 6000 దాకా పూర్తి థ్రాటిల్. కోరిన బూస్ట్ ఎంత, వచ్చింది ఎంత, కోరిన రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి అందే పెట్రోల్ ప్రెషర్), వచ్చింది, నాలుగు సిలిండర్ల టైమింగ్ కరెక్షన్ (నాక్ వల్ల టైమింగ్ ఎంత వెనక్కి లాగిందో) విడివిడిగా, ఇన్‌టేక్ ఉష్ణోగ్రత, క్లచ్ ఉష్ణోగ్రత. స్టాక్‌లోనే ఏదో ఒక సిలిండర్ మిగతావాటికంటే ఎక్కువ వెనక్కి లాగుతుంటే ముందు ప్లగ్‌లు, కాయిల్ చూడండి. దాని మీద ట్యూన్ వేయొద్దు.

ట్యూన్ తర్వాత అదే రోడ్డు, అదే సమయం. కరెక్షన్ మూడు డిగ్రీల లోపు అప్పుడప్పుడు కనిపిస్తే సరే. ఆరు దాటి అలాగే నిలబడితే ఫైల్ తగ్గించమనండి. జనవరి పొద్దున తీసిన లాగ్‌ని నమ్మకండి. కొత్తగూడెం, రామగుండం ఎండల్లో మే మధ్యాహ్నం ఇంటర్‌కూలర్ నీళ్లు వేడెక్కాక వరుసగా నాలుగైదు సార్లు లాగితే నాలుగోసారి ఏం జరుగుతుందో అదే ఆ ట్యూన్ అసలు రూపం.

ఫైల్ ఏ ఆక్టేన్‌కి రాశాడో కాగితం మీద రాయించుకోండి. 95కి రాసిన ఫైల్‌తో అంతకంటే తక్కువ ఆక్టేన్ పోస్తే నాక్ వస్తుంది. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిసిన) పెట్రోల్ సంగతి కూడా అడగండి. స్వచ్ఛమైన పెట్రోల్ ఒక పాలుకి గాలి 14.7 పాళ్లు కావాలి, ఈ20కి సుమారు 13.5. అదే పవర్‌కి ఇంజెక్టర్లు ఎక్కువ పోయాలి, పై ఆర్‌పీఎంలో రైల్ ప్రెషర్ పడిపోతే మిశ్రమం లీన్ అవుతుంది, అంటే గాలికి సరిపడా పెట్రోల్ ఉండదు. లాగ్‌లో ఆ గీత చూడమన్నది అందుకే.

పాప్స్, బ్యాంగ్స్ (సైలెన్సర్‌లో టపటప పేలే శబ్దాలు), లాంచ్ కంట్రోల్ (నిలబడ్డ చోటి నుంచి ఒక్కసారిగా దూకించే మోడ్) వద్దనండి. క్యాటలిటిక్ కన్వర్టర్ ముట్టుకోనివ్వకండి. ఫ్లాష్ చేసేటప్పుడు బ్యాటరీకి 13.5 వోల్టుల దగ్గర నిలకడగా ఇచ్చే సప్లై తగిలించాడా చూడండి. మధ్యలో వోల్టేజ్ పడితే ఈసీయూ చచ్చిపోతుంది. ప్లగ్ గ్యాప్ 0.6 మి.మీ. దగ్గర పెట్టమనండి, ఎక్కువ బూస్ట్‌లో స్పార్క్ ఆరిపోకుండా. మీ కారు నుంచి చదివిన అసలు ఫైల్ పెన్‌డ్రైవ్‌లో మీ చేతికి ఇవ్వాలి. "మా సర్వర్‌లో ఉంటుంది లెండి" అంటే వేరే ట్యూనర్‌ని చూసుకోండి.

వరంగల్ వర్టస్

250 ఎన్ఎం దాటని ఫైల్ అడిగాను. "అలాంటిది మేం చేయం" అన్నాడు.

గేర్‌బాక్స్ గోదారి

డబ్బు మిగిలింది. 5000 పైన మాత్రమే పెంచే కస్టమ్ ఫైల్ డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద రాసేవాళ్లు దొరికినప్పుడు, స్టాక్ లాగ్ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాం.